తాబేలు పిల్ల తినట్లేదా.. కళ్లు మూసుకునే ఉంటోందా? మందుల కంటే ముందు చూడాల్సినవి ఇవే!

కర్దనూర్ (పటాన్‌చెరు): షిఫ్టుకి వెళ్తూ డబ్బాలో ఓ కీరా ముక్క పడేసి వెళ్తాం. సాయంత్రం వచ్చి చూస్తే ముక్క అలాగే ఎండిపోయి ఉంటుంది. తాబేలు పిల్ల మాత్రం ఓ మూల కళ్లు మూసుకుని పడుకుని ఉంటుంది. 'తాబేలు కదా, నెమ్మదిగానే ఉంటుందిలే' అనుకుంటాం. రెండు వారాలు గడుస్తాయి. ఒకరోజు డబ్బా తీసి చూస్తే కదలదు.

తాబేలు పిల్లలు చాలావరకు ఇలాగే చనిపోతాయి. ఉన్నట్టుండి కాదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా. కుక్కలా అరవదు, పిల్లిలా కాళ్ల చుట్టూ తిరగదు. బాధ ఉన్నా బయటికి చెప్పదు. అందుకే మనం గమనించేసరికే ఆలస్యం అవుతుంది.

అయితే ఓ మంచి మాట కూడా ఉంది. ఎదగని తాబేలు పిల్లలో చాలాసార్లు అసలు సమస్య జబ్బు కాదు, మనం పెట్టిన డబ్బా. వేడి, ఎండ, నీళ్లు, తిండి.. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పుతుంది. త్వరగా సరిచేస్తే చాలా పిల్లలు కోలుకుంటాయి. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఇది తేల్చుకోండి: మీ ఇంట్లో ఉన్నది ఏ తాబేలు?

తెలుగులో అన్నిటినీ 'తాబేలు' అనే అంటాం. కానీ నేల మీద బతికేది వేరు, నీళ్లలో బతికేది వేరు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే ప్రాణం పోతుంది. మెట్ట తాబేలును నీళ్ల తొట్టిలో వదిలితే మునిగిపోతుంది. నీటి తాబేలును పొడి డబ్బాలో పెడితే ఎండిపోతుంది. మన ప్రాంతంలో ఇళ్లలో కనిపించేవి ప్రధానంగా ఇవీ:

* రెడ్ ఇయర్డ్ స్లైడర్: పచ్చటి డొప్ప, కంటి వెనక ఎర్రటి గీత. అక్వేరియం షాపుల్లో రూపాయి నాణెం కంటే కాస్త పెద్ద సైజులో అమ్మేది ఇదే. ఇది అమెరికా నుంచి వచ్చిన నీటి తాబేలు. కాలి వేళ్ల మధ్య చర్మం ఉంటుంది.
* నక్షత్ర తాబేలు: గుండ్రటి గోపురంలాంటి నల్లటి డొప్ప, దానిపై పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. కాళ్లు చిన్న ఏనుగు కాళ్లలా ఉంటాయి. ఇది మన దేశపు మెట్ట తాబేలు.
* సల్కాటా: ఇసుక రంగు డొప్ప ఉండే ఆఫ్రికా మెట్ట తాబేలు. ఇప్పుడు అరచేతిలో పట్టినా, పెద్దయ్యాక 40 కిలోల దాకా పెరగగలదు.
* చెరువు తాబేలు: డొప్ప మెత్తగా, నున్నగా ఉండి, కాళ్లు లోపలికి లాక్కున్నాక కింద మూతల్లాంటి చర్మం మూసుకుంటుంది. వానాకాలంలో చెరువుల నుంచి రోడ్ల మీదకు వస్తుంటుంది.

నక్షత్ర తాబేలైతే దాచకండి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నక్షత్ర తాబేలు, మెత్తటి డొప్ప చెరువు తాబేలు రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 కింద రక్షణ ఉన్నవి. వీటిని కొనడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువుల విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల వరకు జైలు, కనీసం రూ.25 వేల జరిమానా పడొచ్చు. నక్షత్ర తాబేలుకు అంతర్జాతీయంగా కూడా 2019 నుంచి అత్యున్నత రక్షణ ఉంది. అంటే విదేశాల మధ్య వ్యాపారం కోసం దీన్ని అమ్మడానికి వీల్లేదు.

'ఇంట్లో తాబేలు ఉంటే లక్ష్మీ కళ' అని ఎవరో చెబితే కొన్నవాళ్లు ఉన్నారు. బంధువు తెచ్చిచ్చాడని ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు. అది నీరసపడగానే భయం మొదలవుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కేసు పెడతారేమోనని దాచేస్తారు. చివరికి తాబేలు చనిపోతుంది, లేదంటే రాత్రిపూట దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. మెట్ట తాబేలును చెరువులో వదలడమంటే చంపడమే.

సరైన దారి ఒక్కటే. సంగారెడ్డి జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి గానీ, మీకు దగ్గర్లోని అటవీ రేంజ్ కార్యాలయానికి గానీ మీరే చెప్పి అప్పగించండి. అప్పగించినంత మాత్రాన చర్యలు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కావాలంటే ముందు ఓ లాయర్‌ను అడగండి. కానీ దాచడం, ఇంకొకరికి అమ్మడం, చెరువులో వదలడం.. మూడూ పరిస్థితిని ఇంకా దిగజార్చేవే. అప్పగించేదాకా కింద చెప్పిన వేడి, నీళ్ల జాగ్రత్తలు మాత్రం ఆపకండి.

సల్కాటా లాంటి విదేశీ తాబేళ్లకూ కాగితాలు ఉండాలి. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం 'సైటిస్' జాబితాల్లో ఉన్న జంతువులను పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది. అమ్మినవాళ్లు 'ఏం కాదు' అన్నారని వదిలేయొద్దు.

నీరసమా, స్వభావమా? ఇలా గుర్తుపట్టండి

ఆరోగ్యంగా ఉన్న పిల్ల పగలు కళ్లు పెద్దవిగా తెరిచి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కాళ్లతో గట్టిగా తోస్తుంది. నడిచేటప్పుడు డొప్పను నేల నుంచి పైకి లేపి నడుస్తుంది. వెచ్చగా ఉంటే రోజూ తింటుంది. కిందివాటిలో రెండు మూడు కనిపిస్తే అనుమానించాల్సిందే:

* పగలంతా ఒకే మూల నిద్ర, వెలుతురులోకి రాకపోవడం
* కళ్లు మూసుకుపోవడం, రెప్పలు ఉబ్బడం లేదా కళ్లు లోపలికి పోవడం
* కాళ్లు ఈడుస్తూ నడవడం, పొట్ట నేలకు రాసుకోవడం
* డొప్ప వేలితో మెల్లగా నొక్కితే రబ్బరులా లోపలికి పోవడం (మెత్తటి డొప్ప చెరువు తాబేలుకు ఇది వర్తించదు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లల్లో కొంత మెత్తదనం మామూలే)
* మూత్రంతో పాటు వచ్చే తెల్లటి పదార్థం పేస్టులా కాకుండా ఇసుకలా, గట్టిగా ఉండటం
* వారం వారం బరువు తగ్గడం

తిండి మానేయడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్క్‌లోని 'చాణక్య' అనే గాలాపగోస్ తాబేలు గుర్తుందా? సుమారు 125 ఏళ్ల వయసులో 2024 మార్చిలో చనిపోయింది. అంతకు ముందు పది రోజులుగా తిండి తినలేదని జూ అధికారులు చెప్పారు. అంత పెద్ద ఒంటికి నిల్వలు ఉంటాయి. 30 గ్రాముల పిల్లకు ఏం ఉంటాయి?

రూ.వందల్లో దొరికే త్రాసే మీ డాక్టర్

కంటితో చూసి పిల్ల ఎదుగుతోందో లేదో చెప్పలేం. గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కిచెన్ త్రాసు కొనండి. దాని మీద ఓ గిన్నె పెట్టి సున్నా చేసి, అందులో తాబేలును ఉంచండి. వారానికి ఒకసారి, ఒకే రోజు, తిండి పెట్టకముందే తూచండి. గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి.

30 గ్రాముల పిల్ల 3 గ్రాములు తగ్గిందంటే చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ అది ఒంట్లో పదో వంతు. 60 కిలోల మనిషి వారంలో 6 కిలోలు తగ్గినట్టు. నీళ్లు తాగిన రోజు, మలం వేసిన రోజు ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒక్క రోజు లెక్క చూసి కంగారు పడొద్దు. వరుసగా రెండు వారాలు తగ్గితే మాత్రం ఆగొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ క్యాలెండర్ ఫొటోనే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

మొదటిది వేడి: పటాన్‌చెరు చలి తాబేలుకు గండం

తాబేలు ఒంట్లో వేడి పుట్టదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్లు అంత వేడి. చల్లబడితే పేగులు పనిచేయవు. తిన్నది అరగదు, లోపలే కుళ్లుతుంది. రోగ నిరోధక శక్తీ పడిపోతుంది. తినని తాబేలుకు ముందు తిండి కాదు, వెచ్చదనం ఇవ్వాలని చెప్పేది అందుకే.

మన దగ్గర 'తెలంగాణలో వేడికేం తక్కువ' అనుకుంటాం. కానీ శీతాకాలంలో హైదరాబాద్ చుట్టుపక్కల అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో పటాన్‌చెరు ఒకటి. డిసెంబర్, జనవరిలో రాత్రిపూట 10 డిగ్రీల కంటే కిందికి పడిపోయిన రోజులు ఉన్నాయి. కర్దనూర్ లాంటి చోట్ల చుట్టూ ఖాళీ జాగా, పొలాలు ఉంటే చలి ఇంకా తెలుస్తుంది. పైగా అద్దె పోర్షన్లలో టైల్స్ ఫ్లోర్. నేల మీద పెట్టిన డబ్బా రాత్రంతా చల్లగా మారిపోతుంది. ఏసీ గదిలో ఉంచితే ఎండాకాలంలోనూ ఇదే కథ.

ఏం చేయాలంటే:

* డబ్బాలో ఒక చివర మాత్రమే వెచ్చగా ఉండాలి. అక్కడ 32 నుంచి 35 డిగ్రీలు, రెండో చివర 26 నుంచి 28 డిగ్రీలు. తాబేలు తనకు కావాల్సిన చోటికి తానే వెళ్తుంది.
* వేడికి 40 లేదా 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు చాలు. ఎల్‌ఈడీ బల్బు వెలుతురు ఇస్తుంది గానీ వేడి ఇవ్వదు.
* బల్బు ఎత్తు అంచనాతో పెట్టొద్దు. ఓ థర్మామీటర్‌ను తాబేలు వీపు ఎత్తులో ఉంచి అరగంట తర్వాత చూడండి. ఎక్కువైతే బల్బు పైకి, తక్కువైతే కిందికి.
* నీరసంగా ఉన్న పిల్లకు రాత్రి కూడా 24 డిగ్రీల కంటే తగ్గకుండా చూడండి. రాత్రి వెలుతురు వద్దు. వెలుతురు రాని హీటర్ బల్బులు పెట్ షాపుల్లో దొరుకుతాయి.
* కరెంటు పోతే సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, గుడ్డ చుట్టి డబ్బాలో ఒక పక్కన పెట్టండి.
* బల్బు అట్టపెట్టెకు, గుడ్డకు తగలకూడదు. హోల్డర్‌ను గట్టిగా బిగించండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అగ్గి ప్రమాదం జరగొచ్చు.

రెండోది ఎండ: కిటికీ అద్దం నుంచి వచ్చేది పనికిరాదు

'మా ఇంట్లోకి ఎండ బాగానే వస్తుంది' అంటారు. కానీ తాబేలుకు కావాల్సిన యూవీబీ కిరణాలను కిటికీ అద్దం దాదాపు ఆపేస్తుంది. ఆ కిరణాలు ఒంటికి తగిలితేనే విటమిన్ డీ3 తయారవుతుంది. డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు, డొప్పకు చేరుతుంది. లేకపోతే ఎంత కాల్షియం వేసినా వృథా. డొప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి, దవడలో బలం లేక ఆకు కొరకలేదు. తినట్లేదని మనం అనుకుంటాం. నిజానికి అది తినలేకపోతోంది.

* రోజూ ఉదయం లేత ఎండలో 20 నుంచి 30 నిమిషాలు. ఎండాకాలంలో 8 గంటల లోపే, చలికాలంలో మంచు తగ్గాక 8 నుంచి 10 మధ్య.
* సగం ఎండ, సగం నీడ ఉండాలి. నీడ లేకుండా ఎండలో పెడితే పది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.
* గాజు తొట్టిని, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను ఎండలో ఎప్పుడూ పెట్టొద్దు. లోపల పొయ్యిలా వేడెక్కుతుంది.
* పక్కనే కూర్చోండి. కాకులు, గద్దలు, కోతులు, వీధికుక్కలు, చీమలు.. డాబా మీద పిల్ల తాబేలుకు శత్రువులు చాలామంది.

ఎండ తగలని ఇంట్లో సరీసృపాల కోసం అమ్మే యూవీబీ లైటు పెట్టాలి. ఆ లైటు వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలల తర్వాత దాని యూవీబీ తగ్గిపోతుంది. రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకోసారి మార్చాలి.

మూడోది నీళ్లు: ఎండిన డబ్బాలో ఎండిపోతున్న పిల్ల

మెట్ట తాబేలు అనగానే 'దానికి నీళ్లెందుకు' అంటారు. పెద్దదానికి పర్వాలేదేమో గానీ, పిల్లకు మాత్రం ఇదే అసలు సమస్య. అడవిలో పిల్లలు గడ్డి కుదుళ్లలో, తడి మట్టిలో, ఆకుల కింద దాక్కుంటాయి. మనం న్యూస్‌పేపర్ పరిచి, బల్బు పెట్టి, పొడి డబ్బాలో ఉంచుతాం. లోపల్నుంచి ఎండిపోయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

డొప్ప మీద గడులు పిరమిడ్లలా పైకి లేవడం చూసే ఉంటారు. ఎక్కువ తిండి పెట్టడం వల్లే అలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. సల్కాటా పిల్లలపై వియన్నా పరిశోధకులు చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. పొడి గాలిలో పెరిగిన వాటికే ఆ బుడిపెలు ఎక్కువగా వచ్చాయనీ, తిండిలో ప్రొటీన్ ప్రభావం చాలా తక్కువనీ అందులో తేలింది.

* రోజూ స్నానం: వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోయండి. నీళ్లు డొప్ప కింది అంచు వరకే ఉండాలి, తల సులభంగా పైకి పెట్టగలగాలి. 15 నుంచి 20 నిమిషాలు. చల్లారితే నీళ్లు మార్చండి. పక్కనుంచి కదలొద్దు.
* స్నానంలోనే చాలా పిల్లలు నీళ్లు తాగుతాయి, మలం వేస్తాయి. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి వెచ్చటి చోట వదలండి. తడిగా చల్లగాలిలో ఉంచితే నిమోనియా వస్తుంది.
* డబ్బా అడుగున నర్సరీల్లో దొరికే కోకోపీట్ పరచండి. పిడికిట్లో పిండితే నీళ్లు కారకూడదు, చేతికి మాత్రం తడి తగలాలి. అంతే తేమ చాలు.
* పగిలిన కుండ పెంకును బోర్లించి పెట్టండి. దాని కింద ఇంకాస్త తడి ఉంచండి. పిల్లకు అదే ఇల్లు.
* ఇసుక, రంపపు పొట్టు, మార్బుల్ చిప్స్ వద్దు. మింగితే పేగులో ఇరుక్కుంటాయి.

నాలుగోది తిండి: కీరా, క్యాబేజీ, అన్నం కాదు

మెట్ట తాబేలుకు కావాల్సింది పీచు ఎక్కువ, కాల్షియం ఎక్కువ ఉన్న ఆకులు, గడ్డి. అవి మన పెరట్లోనే ఉన్నాయి. గరిక, మందార ఆకులు, మందార పువ్వులు, మల్బరీ ఆకులు, గలిజేరు, గడ్డి చామంతి, ముళ్లు తీసేసిన నాగజెముడు మట్టలు. మునగాకు కొంచెం కలపొచ్చు. రెండు మూడు రకాలు కలిపి సన్నగా తరిగి, కాస్త నీళ్లు చల్లి పెట్టండి.

పాలకూర ఎప్పుడైనా ఓసారి మాత్రమే. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేస్తుంది. కీరా, టమాటా, పుచ్చకాయల్లో నీళ్లే ఎక్కువ, బలం తక్కువ. పైగా వీటికి అలవాటు పడితే ఆకు ముట్టదు. అన్నం, బ్రెడ్, బిస్కెట్లు, పాలు, చికెన్, పిల్లి ఫుడ్ అసలు వద్దు.

కాల్షియం కోసం పక్షుల షాపుల్లో దొరికే కటిల్ బోన్ ముక్క డబ్బాలో పెట్టండి. లేదంటే ఉడికించి ఎండబెట్టిన గుడ్డు పెంకును మెత్తగా పొడి చేసి, వారానికి రెండు మూడుసార్లు చిటికెడు ఆకుల మీద చల్లండి.

పారిశ్రామిక ప్రాంతంలో ఉన్నవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆకులు ఎక్కడ కోస్తున్నారన్నది ముఖ్యం. ఫ్యాక్టరీ గోడల పక్కన, లారీలు తిరిగే రోడ్డు అంచున, మురుగు కాల్వల దగ్గర కోయొద్దు. పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగు పారిశ్రామిక కాలుష్యంతో ఎన్నేళ్లు వార్తల్లో ఉందో తెలిసిందే. పురుగుమందు కొట్టిన చేను గట్టు గడ్డి కూడా వద్దు. రెండు కుండీల్లో మందార, గరిక పెంచితే ఏ గొడవా ఉండదు.

నీటి తాబేలైతే ఇలా

రెడ్ ఇయర్డ్ స్లైడర్ పిల్లల కథ కొంచెం వేరు. షాపులో చిన్న డబ్బా, ఎండు రొయ్యల ప్యాకెట్ చేతిలో పెట్టి పంపిస్తారు. ఎండు రొయ్యలే రోజూ వేస్తే విటమిన్ ఏ, కాల్షియం అందవు. కొన్ని వారాలకు రెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోతాయి. కళ్లు కనపడక తిండి మానేస్తుంది. మురికి నీళ్లు దీన్ని ఇంకా పెంచుతాయి.

* నీళ్లు 26 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. నీరసంగా ఉంటే లోతు తగ్గించండి. నిలబడితే తల పైకి రావాలి.
* పూర్తిగా నీళ్ల పైకి ఎక్కి ఆరే పొడి రాయి, దాని మీద వేడి బల్బు తప్పనిసరి.
* నీటి తాబేళ్ల కోసం తయారు చేసిన పెల్లెట్లు ప్రధాన తిండి. ఎండు రొయ్యలు ఎప్పుడో ఒకసారి.
* కుళాయి నీళ్లను బకెట్‌లో ఓ రాత్రి ఉంచి వాడండి. ఫిల్టర్ లేకపోతే రోజు విడిచి రోజు మార్చండి.

పెంచలేమని చెరువులో వదలొద్దు. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఈ తాబేలు ఉంది. మన చెరువు తాబేళ్ల తిండిని, చోటును ఇది లాగేసుకుంటుంది.

ఇవి మాత్రం చేయొద్దు

* ఐవర్‌మెక్టిన్ వేయొద్దు. మేకలకు, పశువులకు నులిపురుగులకు వాడే ఈ మందు తాబేళ్లకు విషం. 'చిన్న డోసు' అని కూడా ఇవ్వొద్దు.
* నోరు తెరిచి బలవంతంగా తినిపించొద్దు. దవడ విరగొచ్చు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
* మనుషుల యాంటీబయోటిక్ చుక్కలు, కాల్షియం సిరప్‌లు వద్దు. విటమిన్ ఏ, డీ3 ఎక్కువైనా ప్రమాదమే.
* డొప్పకు నూనె, పసుపు, పెయింట్, నెయిల్ పాలిష్ పూయొద్దు.
* రోజుకు పదిసార్లు చేతిలోకి తీసుకుని చూడొద్దు. నీరసంగా ఉన్నదానికి అదో బెంగ.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం, నీళ్లలో ఒక పక్కకు వాలిపోయి ఈదడం, వెనక నుంచి పేగు బయటికి రావడం, కాళ్లు మెడ వేలాడిపోవడం, రక్తం కనిపించడం.. వీటిలో ఏది ఉన్నా అదే రోజు వెళ్లాలి. వేడి, నీళ్లు సరిచేసినా మూడు రోజుల్లో తిండి ముట్టకపోతే కూడా ఆగొద్దు.

ముందు ఫోన్ చేసి 'తాబేళ్లను చూస్తారా' అని అడగండి. కుక్కలు, పశువులు చూసే డాక్టర్లందరికీ తాబేళ్ల అనుభవం ఉండదు. రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలో వాకబు చేయొచ్చు. కర్దనూర్ వైపు నుంచి రాజేంద్రనగర్‌కు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి దారి. అయితే బైక్‌లకు ఔటర్ మెయిన్ రోడ్డుపైకి అనుమతి లేదు, సర్వీస్ రోడ్డులోనే వెళ్లాలి. గాలి రంధ్రాలున్న డబ్బాలో మెత్తటి గుడ్డ పరిచి, పక్కన గోరువెచ్చటి నీళ్ల సీసా పెట్టి తీసుకెళ్లండి. కారులో ఏసీ గాలి నేరుగా తగలనివ్వొద్దు. డబ్బా ఫొటో, బల్బు ఫొటో, పెట్టే తిండి ఫొటో, బరువు రాసిన క్యాలెండర్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

మొదటి వారం ప్లాన్

* 1వ రోజు: బరువు తూచండి. థర్మామీటర్ పెట్టి వేడి సరిచేయండి. గోరువెచ్చటి స్నానం. తిండి కోసం బలవంతం వద్దు.
* 2, 3 రోజులు: ఉదయం ఎండ, రోజుకు ఒకటి లేదా రెండు స్నానాలు. స్నానం అయ్యి వెచ్చబడిన గంటకు మందార పువ్వు రేకు పెట్టి చూడండి. ఎరుపు, పసుపు రంగులు వాటిని ఆకర్షిస్తాయి.
* 4 నుంచి 6 రోజులు: తింటే ఆకుల రకాలు పెంచండి. తినకపోతే డాక్టర్.
* 7వ రోజు: మళ్లీ తూచండి. తగ్గడం ఆగిందా చూడండి. పెరగకపోయినా, తగ్గడం ఆగితే అదే మొదటి గెలుపు.

ఇంట్లో పిల్లలుంటే..

ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. పిల్లలకు దీనివల్ల తీవ్రమైన విరేచనాలు, జ్వరం వస్తాయి. ఈ కారణంగానే అమెరికాలో 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు. తాబేలు గిన్నెను వంటింటి సింక్‌లో కడగొద్దు.

తరచూ అడిగే ప్రశ్నలు

చలికాలం కదా, నిద్రావస్థలోకి వెళ్లిందేమో?
నీరసంగా ఉన్న పిల్ల విషయంలో అలా అనుకుని వదిలేయొద్దు. చలికి మొద్దుబారడం, నిద్రావస్థ ఒకటి కాదు. ముందు వెచ్చదనం ఇవ్వండి. వెచ్చబడ్డా లేవకపోతే జబ్బే.

వంకరపోయిన డొప్ప మళ్లీ మామూలవుతుందా?
వచ్చిన బుడిపెలు పోవు. కానీ ఇకముందు పెరిగే భాగం సాఫీగా రావొచ్చు. మెత్తబడిన డొప్ప మాత్రం ఎండ, కాల్షియంతో నెలల మీద గట్టిపడుతుంది.

అన్నీ చేసినా చనిపోతే?
అలా జరగొచ్చు. గుడ్డులోంచి బలహీనంగా వచ్చే పిల్లలు ఉంటాయి. కొనేనాటికే ప్రయాణాల్లో ఎండిపోయి కిడ్నీలు దెబ్బతిన్నవీ ఉంటాయి. అది మీ తప్పు కాకపోవచ్చు. అయితే అదే డబ్బాలో, అదే పద్ధతిలో ఇంకో పిల్లను తెచ్చి పెడితే మాత్రం తప్పు మనదే.

చివరగా..

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువును కూర్మ రూపంలో కొలుస్తారు. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లూ కనిపిస్తాయి. అక్కడ కూడా తాబేళ్లు చనిపోయాయన్న వార్తలు పలుమార్లు వచ్చాయి. భక్తి ఉన్నంత మాత్రాన తాబేలు బతకదు. దానికి కావాల్సిన వేడి, ఎండ, తేమ, ఆకు అందితేనే బతుకుతుంది. అదృష్టం కోసమే అయితే ఇత్తడి తాబేలు చాలు. ప్రాణమున్న తాబేలును తెచ్చుకుంటే, దాని ప్రాణం మీ క్యాలెండర్ మీద రాసే గ్రాముల లెక్కలో ఉంటుంది. ఈ రోజే తూచండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ తాబేలు పరిస్థితిని బట్టి పశువైద్యుల సలహా తీసుకోండి.